ఉప్పు చల్లిన ఓడ

ఏప్రిల్ 6

బామ్మర్దీ,

ఉత్తరమంటే క్షేమమని మొదలుపెట్టాలంటారు. ఆ మాట రాశాక మిగతాది రాయబుద్ధి కాలేదు. ఆ కాగితం చించేశాను. ఇది రెండోది. ఫోన్ చేద్దామంటే మనిద్దరి ఫోన్ల సంగతి నీకు తెలియంది కాదు. "తిన్నావా" అంటాను, "తిన్నాను బావా" అంటావు. ఆ తర్వాత ముందు ఎవరు పెట్టేస్తారా అని ఇద్దరం కాచుక్కూర్చుంటాం. ఇన్నాళ్ళూ మధ్యలో మీ అక్క ఫోన్ లాక్కునేది కాబట్టి గడిచిపోయింది.

ఆమె బల్ల సర్దుతున్నాను. కిటికీ గదిలోది. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని ఆవగింజంత మరలు బిగించేది కదా, ఇంటికొచ్చాకైనా ఆ పట్టకారు పక్కన పెట్టేదా? లేదు. మళ్ళీ ఆ బొమ్మ రాకెట్లు అతికించడం. ఆ బల్ల దగ్గర నేనెప్పుడూ కూర్చోలేదు. కార్లకు రంగులేసే షెడ్డు నుంచి వచ్చేసరికి నా ఒంటినిండా రంగు పొడి ఉండేది. "దూరం, దూరం, నీ ధూళి దాని మీద పడుతుంది" అని తరిమేది.

బల్ల మీద ఒక పెద్ద ఓడ దొరికింది. నీళ్ళలో తిరిగేది కాదు, చుక్కల్లో తిరిగేది. దాదాపు మూరెడు ఉంది. పాపం, చెమ్మ పట్టి పూర్తిగా పాడైపోయింది. ఒళ్ళంతా తుప్పు మరకలు, వాటి మీద తెల్లగా బూజు పొక్కులు. చూసి ప్రాణం ఉసూరుమంది. ఆమె అంత ముచ్చటపడి చేసుకున్నది అలా వదిలేయలేక షెడ్డుకు తీసుకెళ్ళాను. శుభ్రంగా కడిగి, వాటర్ పేపర్‌తో రుద్ది, బంపర్లకు కొట్టే ప్రైమర్ కొట్టి, పైన తెల్లరంగు రెండు పూతలు, దాని మీద మెరుపుకు క్లియర్ పూత వేశాను. ఇప్పుడు అందులో మొహం చూసుకోవచ్చు. షెడ్డులో అందరూ చుట్టూ మూగారు. మా ఓనరు, "ఏ కారుకీ ఇంత శ్రద్ధ పెట్టలేదేమయ్యా" అని దెప్పాడు కూడా.

ఒక్కటే లోటు. వెనకవైపు పెద్ద గుండ్రటి కన్నం ఉంది. అక్కడ పెట్టే ముక్క ఎంత వెతికినా దొరకలేదు.

వానలు మొదలయ్యేలోపు ఆ గది ఖాళీ చేయాలి. ఈ ఓడ ఏం చేయమంటావో, ఇంకేమైనా నీకు కావాలేమో రాయి. చెల్లమ్మను అడిగానని చెప్పు.

మీ బావ

---

ఏప్రిల్ 15

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అది బూజు కాదు, ఉప్పు. వంటింట్లో వాడే ఉప్పు.

మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ముందు ఓడకంతటికీ తుప్పు రంగు వేస్తారు. అది ఆరాక కొంచెం తడిచేసి, అక్కడక్కడా ఉప్పు చల్లుతారు. ఉప్పు అంటుకున్నాక పైన అసలు రంగు కొడతారు. అదీ ఆరాక ఉప్పు రాల్చేస్తే, ఉప్పు ఉన్నచోటల్లా రంగు ఊడి కింద తుప్పు బయటపడుతుంది. ఏళ్ళ తరబడి తిరిగి అరిగిపోయిన ఓడలా కనిపిస్తుంది. అదంతా అక్క కావాలని చేసింది. ఏ చోట ఉప్పు పడాలో ఫోన్లో నాతో గంటలు గంటలు వాదించి మరీ చల్లింది. ఇది గనిలో రాయి తగిలిన చోటు, ఇది దిగేటప్పుడు కాలిన చోటు అని ప్రతి సొట్టకూ ఒక కథ చెప్పేది. ఉప్పు చల్లిన మర్నాడే దుకాణంలో పడిపోయింది. మిగిలింది ఒక్క పూత.

వెనక ముక్క మీకు దొరకదు. అది ఇంజన్ల ముక్క, నా దగ్గరుంది. ఓడ ఒళ్ళు అక్కది, ఇంజన్లు నావి. ఓడ ముక్కలుండే పెట్టె ఒకటే కొని చెరిసగం పంచుకున్నాం. ఏడాదికి పైగా చేస్తున్నాం. మీకు చెప్పే ఉంటుంది. మీరు విని ఉండరు.

ఇక మీరు దాని మీద ఏ శ్రమా తీసుకోవద్దు. పార్సిల్లో పంపించండి. గది అంత తొందరగా ఎందుకు ఖాళీ చేస్తున్నారో మాత్రం మీరు రాయలేదు.

ఇట్లు,
మీ బావమరిది

---

ఏప్రిల్ 24

బామ్మర్దీ,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. పెళ్ళిలో నా చెప్పులు దాచినప్పటి నుంచి ఇప్పటిదాకా నువ్వు నన్ను "నువ్వు" అనే అన్నావు. మీ అక్క పోయిన రోజు కూడా "నువ్వు" అనే అన్నావు. ఉత్తరంలో మిగతాది అర్థం కావడానికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఈ మాట మాత్రం ఒక్కసారికే తగిలింది.

ఉప్పు అని నాకెవరు చెప్పారు? నా బతుకంతా జనం తుప్పు పట్టిన బళ్ళు తెచ్చి "కొత్తదిలా చెయ్యి" అన్నవాళ్ళే. "పాతదిలా చెయ్యి" అన్నవాణ్ణి నేను ఎరగను. సొట్టకు కథ ఉంటుందన్నావు. నా దగ్గరికి వచ్చే ప్రతి సొట్టకూ ఉంటుంది. గోడ దానంతట అదే వచ్చి గుద్దిందని చెప్పినవాళ్ళున్నారు. నేను వినను. సొట్ట తీసి పంపిస్తాను. అదే నా పని.

విని ఉండరు అన్నావు. విన్నాను. ఎలా విన్నానో చెబుతాను, నవ్వితే నవ్వు. మీరిద్దరూ ఆ ఓడను "ముసలిది" అనుకునేవాళ్ళా? ఇప్పుడు అర్థమైంది. ఏడాది పొడుగునా ఈమె ఫోన్లో, "ముసలిది ఇంకా ముసలిగా కనబడటం లేదురా, మొహం మీద ఇంకాస్త మసి పూయాలి" అంటుంటే, మా అమ్మ గురించే అనుకున్నాను. "ముసలిదాని నడుం విరిగింది, జిగురు పెట్టి ఆరేశాను" అన్న రోజు ఊరుకోలేక మా అమ్మకు ఫోన్ చేసి నడుం ఎలా ఉందని అడిగాను. ఆవిడ నాకేదో అయిందనుకుంది. ఆ తర్వాత నెలరోజులు ఈమెతో నేను ముభావంగా ఉన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె అడగలేదు. ఇప్పుడు చెప్పడానికి లేదు.

పార్సిల్లో పంపను. ఆ పార్సిలువాళ్ళు హెడ్‌లైట్లు ఎలా విసురుతారో రోజూ చూస్తున్నవాణ్ణి. నువ్వే వచ్చి తీసుకెళ్ళు.

గది సంగతి: ఇల్లు మారాలి. అందులో రాయడానికేం లేదు.

బావ

---

మే 12

బావగారికి,

నేను రాలేను. ఆ గది అలా చూడలేను. అదొక్కటే కారణం అనుకున్నాను, పోయిన వారం వరకూ.

మా పెద్దమ్మ మీ వీధిలోకి వచ్చి వెళ్ళిందట. గదికి సున్నాలు వేయిస్తున్నారని, ఒకావిడ వచ్చి కిటికీకి పరదా కొలతలు తీసుకుంటోందని చెప్పింది. మీరు గుమ్మంలో నిలబడి ఆవిడకు వంటిల్లు ఎటో చూపించారట. నేను నమ్మలేదు. పెద్దమ్మ కళ్ళు పెద్దమ్మవే, నాలుక కూడా పెద్దమ్మదే అని సరిపెట్టుకున్నాను. కానీ మీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. "అందులో రాయడానికేం లేదు." ఆ వాక్యం చదివాక నమ్మాను.

మీ జీవితం మీ ఇష్టం. మీ వయసేమంత కాలేదు, ఒంటరితనం ఎవరికైనా కష్టమే. కానీ నాలుగు నెలలు బావగారూ! ఆవిడ పరదా వేసుకునే కిటికీ దగ్గరే అక్క బల్ల ఉండేది.

ఇన్నాళ్ళూ అడగకూడదనుకున్నది కూడా అడిగేస్తున్నాను. అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోన్ చేసి ఏమన్నారు? "కంగారేం లేదు, ఆదివారం" అన్నారు. నేను ఆదివారానికి టికెట్టు తీసుకున్నాను. శుక్రవారం అంతా అయిపోయింది. మీరు "ఇప్పుడే బయల్దేరు" అని ఉంటే, కళ్ళు తెరవకపోయినా, చెయ్యి పట్టుకునేవాణ్ణి. మా పళ్ళ ల్యాబులో కట్టుడుపళ్ళ మైనం కరిగిస్తున్నప్పుడు చేతికి వెచ్చగా తగిలినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

నాకు ఇంకేమీ వద్దు. ఓడ పంపించండి.

బావమరిది

---

మే 20

ఓడ పంపాను. అందినట్టు ఒక ముక్క రాస్తే చాలు.

పరదా కొలిచిన ఆవిడ ఎవరో మీ పెద్దమ్మ ఆవిణ్ణే అడగాల్సింది. ఆవిడ భర్త పక్కనే ఉన్నాడు.

బావ

---

జూన్ 3

బావా,

ఓడ అందింది. పార్సిలు విప్పడానికి సాయంత్రమంతా పట్టింది. నాకు కోపం ఉండగానే విప్పాలనుకున్నాను. కుదరలేదు.

కారు సీటు స్పాంజిని ఓడ ఆకారానికి చెక్కావు. రెక్కకు రెక్క, కాలికి కాలు. పై మూత తీస్తే అది పొత్తిళ్ళలో ఉన్నట్టు పడుకుని ఉంది. మా ఆవిడ చూసి, "ఇలా సర్దినవాడి గురించేనా నువ్వు నెల నుంచి రుసరుసలాడుతున్నది?" అంది.

తర్వాత తిప్పి చూశాను. పొట్ట కింద, అరచేతంత మేర, నువ్వు తుప్పు పెట్టావు. ఉప్పుతోనే. ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయలేదే! తలుపు బందుల దగ్గర మొదలై, కిందికి సన్నగా కారి, అంచు దగ్గర ఆగి, గట్టిపడి... అక్క తుప్పు అలా ఉండేది కాదు. ఆమెది అందంగా ఉండేది. నీది చూస్తే ముక్కుకు తడి ఇనుము వాసన తగిలింది. ఒక్క మాట మాత్రం అనాలి: అంతరిక్షంలో వాన పడదు బావా. నువ్వు పెట్టింది వానకు కారిన తుప్పు. అయినా అది తీసేయడానికి నాకు చేతులు రావడం లేదు. ఈ ఓడ దిగే గ్రహాల్లో ఒకదాని మీద ఎప్పుడూ వానే అని నిన్ననే తీర్మానించాను. అక్క ఉంటే ఒప్పుకునేది. ముందు ఒక గంట పోట్లాడి, ఆ తర్వాత ఒప్పుకునేది.

అట్ట మీద అడ్రసు చూశాను. షెడ్డు కాదు, ఇల్లు కాదు. ఏదో గోదాము పైన గది అని ఉంది. అప్పుడు నీ చిన్న ఉత్తరం మళ్ళీ తీశాను. ఆవిడ భర్త పక్కనే ఉన్నాడని రాశావు. ఎవరు వాళ్ళు? నువ్వెందుకు అక్కడున్నావు? ఏమైంది?

నువ్వు రాసేదాకా ఇంజన్లు ముట్టుకోను.

నీ బామ్మర్ది

---

జూన్ 14

బామ్మర్దీ,

అడిగావు కాబట్టి వరసగా చెబుతాను. నడుమ నడుమ జాలి పడకు, నాకు చిరాకు.

ఆ ఇల్లు మాది కాదని నీకు తెలుసు. షెడ్డు ఓనరుది. పెయింటరుగా ఉన్నవాడికి వెనక గదులు ఇస్తాడు. నేను ఇప్పుడు పెయింటర్ని కాదు. మీ అక్క పోయాక దగ్గు ఎక్కువైంది. ఏడుపు లోపల పెట్టుకుంటే ఇలాగే వస్తుందని షెడ్డులో అన్నారు. కొన్నాళ్ళు నేనూ అదే అనుకున్నాను. చివరికి డాక్టరు ఫోటో తీయించి గోడకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల నిండా ముప్పై ఏళ్ళ రంగులు. "ఇక రంగు కొట్టే గన్ను పట్టుకున్నారా, నా దగ్గరికి రాకండి" అన్నాడు. మా ఓనరు చెడ్డవాడు కాదు. వానలదాకా ఉండమన్నాడు. కొత్త పెయింటరుకి, వాళ్ళావిడకి ఇల్లు చూపించమని నన్నే అడిగాడు. చూపించాను. మీ పెద్దమ్మ చూసింది అదే. ఇప్పుడు ఈ గోదాములో వచ్చే పోయే బళ్ళకు గేటు తీసే పని.

నీకెందుకు రాయలేదంటే, ఏమని రాయను? "మీ అక్క లేదు, ఇల్లు లేదు, ఊపిరి కూడా సగమే ఉంది" అనా? అది ఉత్తరం కాదు, బిచ్చం.

డాక్టరు మాట వినకుండా ఒక్క పని చేశాను. మీ అక్క ఓడకు రంగు కొట్టాను. గన్ను పట్టుకోవడం అదే ఆఖరు. అందుకే అంత నున్నగా చేశాను. దాన్ని నేను పాడుచేశానని నువ్వు రాసిన రోజు, గరిట తీసుకుని వంటింటి ఉప్పు ముందు చాలాసేపు కూర్చున్నాను. తుప్పు తీసే చేత్తో తుప్పు పెట్టడం అదే మొదలు. కుంచెతోనే పెట్టాను. వాన సంగతి నాకు తట్టలేదు. వాన లేని చోట తుప్పెలా వస్తుందో నాకిప్పటికీ తెలియదు.

ఇక ఆసుపత్రి. డాక్టరు తలుపు దగ్గర నిలబడి, "ఇప్పుడే కంగారు పడొద్దు, ఆదివారం దాకా చూద్దాం" అన్నాడు. నేను అదే మాట నీకు ఫోన్లో అప్పజెప్పాను. "ఆదివారం దాకా చూద్దామన్నారు" అన్నాను. ఆ వరండాలో స్ట్రెచర్లు పోతున్నాయి, గోల. నీకు ఎంత వినిపించిందో నాకు తెలియదు. నీకు "ఆదివారం రా" అని వినిపించి ఉంటే, నేను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. డాక్టరు మాట నమ్మాను, అంతే. నమ్మకపోతే ఆమె మంచం పక్కన కూర్చోలేకపోయేవాణ్ణి.

చెయ్యి నేను పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. ఆ సంగతి నీకు చెప్పాలని అప్పటినుంచీ ఉంది.

బావ

---

జూన్ 22

బావా,

నీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించబోయి సగంలో ఆపేశాను. మిగతాది ఆమే చదువుకుంది.

పెద్దమ్మ మాట పట్టుకుని నీకు అలా రాసినందుకు ఏమనను? అన్ని రోజులూ ఎవరి మీద కోప్పడాలో తెలియక, అందుబాటులో ఉన్నవాడి మీద పడ్డాను. నీ తర్వాత నాకింకెవరున్నారు తిట్టడానికి?

నాకిప్పుడు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఇంజన్లు ఓడలోకి దిగడం లేదు. నీ ప్రైమరు, నీ రెండు పూతలు, ఆ పైన నీ క్లియరు, అన్నీ కలిసి కన్నం బిగుసుకుపోయింది. గట్టిగా నొక్కితే రెక్క దగ్గర కిర్రుమంటోంది. ల్యాబులో ఇలాంటివి నాకు అలవాటే, కట్టుడుపళ్ళు ఎవరి నోట్లోనూ మొదటిసారికి దిగవు. కానీ ఇది గీకడానికి కూర్చుని లేచిపోతున్నాను. గీకితే పోయేది నువ్వు ఆఖరిసారి కొట్టిన రంగు. ఇంజన్లు తగ్గిద్దామంటే, వాటి అంచుల కొలత చెప్పింది అక్క. ఏ వైపు గీకాలో చెప్పేవాళ్ళు లేరు.

నువ్వు రా. వచ్చి చెప్పు. పొడి లేవకుండా నీళ్ళతోనే రుద్దుతాను, నువ్వు దూరంగా కూర్చుందువుగాని. మేడ మీద గది ఖాళీగానే ఉంది. గాలి బాగా వస్తుంది. వచ్చాక ఉండిపో. ఆ గోదాము గేటు తీయడానికి ఇంకెవరైనా దొరుకుతారు.

బామ్మర్ది

---

జూలై 1

బామ్మర్దీ,

నీ మాటకు చాలా సంతోషం. కానీ రాను.

కోపం కాదు. ఆలోచించి చెబుతున్నాను. మీ అక్క ఉన్నప్పుడు మీ ఇంటికొస్తే, ఆమెతో పాటు వచ్చినవాణ్ణి. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా, పచ్చడిలో ఉప్పు తక్కువైందని వంక పెట్టినా చెల్లింది. బావ అన్న మాట ఆమె నుంచి వచ్చిందే కదా. దారం తెగాక పూస ఎక్కడ నిలుస్తుంది? ఇప్పుడు నేను సంచి పట్టుకుని మీ గుమ్మం ఎక్కితే ఏ వరసన ఎక్కాలి? నాలుగు రోజులు నువ్వు ముచ్చటగానే చూస్తావు. తర్వాత ఒక దగ్గే మనిషి మేడ మీద ఉంటాడు. చెల్లమ్మకు నా వల్ల చాకిరీ. వద్దు.

ఓడ సంగతి ఉత్తరంలోనే చెబుతాను. కన్నం వైపే గీకు. మొహమాటపడకు, రంగు ఉన్నది గీకడానికే. ముందు గరుకు కాగితం వద్దు, బాగా సన్నది తీసుకో. సబ్బునీళ్ళలో నానబెట్టు. వేలితో నొక్కితే పల్లం పడుతుంది, రబ్బరు ముక్కకు చుట్టి రుద్దు. నాలుగు రుద్దులకోసారి ఇంజను పెట్టి చూడు. తెలుపు కింద బూడిద రంగు కనబడగానే ఆపు, అది ప్రైమరు.

బావ

---

జూలై 9

బావా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ల్యాబులో ఉన్నాను. మా ఆవిడ విప్పి చదివింది. నేను వచ్చేసరికి మొహం గంటు పెట్టుకుని ఉంది. ఏమైందంటే, ఉత్తరం నా మీదికి విసిరింది.

"ఏ వరసన రావాలి అని అన్నయ్య అడిగింది నిన్నా, నన్నా?" అంది.

"నన్నే" అన్నాను.

"అదే తప్పు. నిన్ను అడిగితే నువ్వేం చెబుతావు? మీ అక్క, మీ బావ, మీ ఓడ. నేను ఈ ఇంటికొచ్చిన రోజు నుంచి ఆయన్ని ఏమని పిలుస్తున్నాను? అన్నయ్యా అని. అది ఉత్తినే నోరూరుకోక పిలిచానా? నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఒక్క అన్నయ్య ఉన్నాడని చెప్పుకుంటున్నాను. వదిన పోతే అన్నయ్య కూడా పోతాడా? ఆ వరసన రమ్మను. రాకపోతే ఇక నన్ను చెల్లమ్మా అని రాయొద్దని చెప్పు."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. నా సొంతం ఒక్క ముక్క లేదు.

కన్నం నువ్వు చెప్పినట్టే సన్నగా రుద్దాను. ఇంజన్లు దిగుతున్నాయి. అతికించలేదు. ఓడకు మళ్ళీ తుప్పు రంగు వేసి ఉప్పు కూడా చల్లి పెట్టాను. పొట్ట కింది నీ ముక్క ముట్టుకోలేదు. ఇక మిగిలింది ఒక్క పూత. నాకు గన్ను పట్టుకోవడం రాదు, అది అక్క పని. రెండుసార్లు అట్ట మీద కొట్టి చూశాను, రెండుసార్లూ కారిపోయింది.

బామ్మర్ది

---

ఆగస్టు 18

బామ్మర్దీ,

మీ ఇంటి నుంచి తిరుగు బస్సు బాగానే చేరింది. గోదాములో పని మానేస్తున్నానని చెప్పేశాను. డాక్టరుకు చూపించుకున్నాను, పాత మాటే చెప్పాడు, కొత్త మందు రాశాడు. ఇంకొన్ని సామాన్లు మూట కట్టడం ఉంది. ఈలోగా నీకొక సంగతి చెప్పాలి. ఎదురుగా ఉంటే చెప్పలేను, అందుకే ఇక్కడినుంచి రాస్తున్నాను.

మొన్న నేను మీ ఇంట్లో ఉండగా, నువ్వు గదిలో ఓడకు రంగు కొడుతున్నావు. నన్ను తలుపు ఇవతల కూర్చోబెట్టి, సందుల్లో తడిగుడ్డ కూడా కుక్కించావు. నేను ఇవతలి నుంచి అరుస్తున్నాను. "చెయ్యి ఆపకు! ఆపితే కారుతుంది! అంచు దాటాక వదులు!" నువ్వు అవతలి నుంచి, "ఆపడం లేదు బాబూ, నువ్వు అరవకు!" అని అరుస్తున్నావు. మన గోలకు పక్కింటాయన కొట్టుకుంటున్నారేమోనని వచ్చాడు చూడు, ఆ సమయంలో. నీకు అవతల ఏం జరిగిందో తెలుసు, ఇవతల సంగతి తెలియదు. నేను అరుస్తున్నానే గాని, నా కుడిచెయ్యి గాలిలో ఆడుతోంది. గన్ను పట్టుకున్నట్టు. ఎడమ నుంచి కుడికి, అంచు దాటి, వదిలి, మళ్ళీ. నాకే తెలియలేదు. చెల్లమ్మ చూసింది. ఆమె చూసినట్టు నేను చూశాను. అప్పుడిక కన్నీళ్ళు ఆగలేదు. ఆమె పక్కింటాయనకు ఏదో చెప్పి పంపించేసి, ఒక కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకుని కూర్చుంది. నువ్వు "అయిపోయింది బావా" అని కేకేసేదాకా అలాగే కూర్చుంది.

తర్వాత ఉప్పు రాల్చడం నువ్వూ చూశావు కదా. తడిగుడ్డ కింద ఉప్పు కరిగి తుప్పు కొంచెం కొంచెం బయటికి వస్తుంటే, ఇది రాయి తగిలిన చోటు, ఇది కాలిన చోటు అని నువ్వు చెబుతున్నావు. ఒక దగ్గర ఆగిపోయావు. "ఇదేంటో అక్క చెప్పలేదు" అన్నావు. ఇంజన్లు పెట్టి నొక్కితే టక్కుమని కూర్చున్నాయి. అప్పుడు ఆమె ఉంటే, ముసలిది ఇప్పటికి ముసలిదైందిరా అనేదని నీకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం అనలేదు. అదే మంచిదయింది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. గది తాళం ఇవ్వడానికి వెళ్తే గోదాము గుమాస్తా, "ఎక్కడికండీ, కొత్త ఉద్యోగమా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఎవరింటికి?" అన్నాడు. బామ్మర్ది ఇంటికి అందామని నోరు తెరిచాను. "మా చెల్లెలింటికి" అని వచ్చింది. అతను తలూపి, "అయితే పర్లేదు" అని తాళం పుచ్చుకున్నాడు.

గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను. స్టాండుకు ఎవరూ రావద్దు, దారి తెలుసు.

బావ